గోల్ఫ్ కోర్సులో హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ లేని గెస్టుని గేటు దగ్గరే తిప్పి పంపడం న్యాయమేనా?

స్లైస్ సుబ్బారావు (థ్రెడ్ మొదలుపెట్టింది)

మా బావమరిది పెళ్లికని బెంగళూరు నుంచి వచ్చాడు. రెండేళ్లుగా అక్కడ డ్రైవింగ్ రేంజ్‌లోనూ, ఒక తొమ్మిది హోల్స్ కోర్సులోనూ ఆడుతున్నాడు. ఏ క్లబ్బులోనూ మెంబర్ కాదు. ఎన్నాళ్లుగానో చాంపియన్‌షిప్ కోర్సులో ఒక రౌండ్ ఆడాలని వాడి కోరిక. సిటీలో ఒక కోర్సుకి (పేరొద్దు) ఫోన్ చేస్తే, "వీక్‌డే కదా, రండి సార్" అన్నారు.

మంగళవారం పొద్దున 6 గంటలకే వెళ్లాం. కౌంటర్‌లో ఆయన పెన్ను మూత తీసి, "హ్యాండిక్యాప్ సర్టిఫికెట్?" అన్నాడు. (ఆట స్థాయిని ఒక అంకెలో చెప్పే క్లబ్బు కాగితం అది. అంకె ఎంత తక్కువైతే ఆట అంత మెరుగు.) మావాడు ఫోన్ తీసి యాప్‌లో స్కోర్లు చూపించాడు. ఆయన ఫోన్ వంక చూడనైనా చూడలేదు, పెన్ను మూత పెట్టేశాడు. అంతే. కొత్త షూస్ బ్యాగులోనే ఉండిపోయాయి. రేంజ్‌లో రెండు బకెట్లు కొట్టి, ఇడ్లీ తిని ఇంటికొచ్చాం.

రూల్ ఉంటే ఉండనీ, ఫోన్‌లోనే చెప్పొచ్చుగా అన్నది నా కోపం. అసలు ఆ రూలే ఉండాలా అన్నది ప్రశ్న. గ్రీన్ ఫీ (ఆడే రుసుము) కట్టి, బ్యాగు మోసే క్యాడీని పెట్టుకుని ఆడతానన్న మనిషికి సర్టిఫికెట్ ఎందుకు?

బోగీ బాబాయ్

ఉండాలి. నేను మెంబర్‌ని కాబట్టి ఇలా అంటున్నానని తిట్టుకోండి, ఫర్వాలేదు.

చాంపియన్‌షిప్ కోర్సు అంటే పచ్చగా, పెద్దగా ఉండే కోర్సని బయటివాళ్లు అనుకుంటారు. పార్క్‌లాండ్ కోర్సులో అసలు సంగతి చెట్లు. ఫెయిర్‌వేకి (బంతి కొట్టాల్సిన గడ్డి బాటకి) రెండు పక్కలా చెట్లు, ఆ చెట్ల అవతల ఇంకో ఫెయిర్‌వే, దాని మీద మనుషులు. రేంజ్‌లో స్లైస్ (పక్కకి వంకర తిరిగిపోయే షాట్) కొడితే నెట్‌కి తగిలి పడుతుంది. ఇక్కడ కొడితే పక్క హోల్‌లో పట్ చేస్తున్నవాడి వీపు దగ్గరికి వస్తుంది. అప్పుడు హెచ్చరికగా "ఫోర్" అని అరవాలన్న సంగతి కూడా చాలామందికి తెలీదు.

పోయిన నెలే చూశాను. నలుగురు గెస్టులు, అందరూ వెనక టీ (మొదటి షాట్ కొట్టే చోట్లలో అన్నిటికంటే దూరంగా ఉండేది) మీదే నిలబడ్డారు, ఫొటోలు దిగారు. నలుగురి బంతులూ చెట్లలోకే. క్యాడీ ఐరన్ క్లబ్బుతో ఆకులు కెలుకుతున్నాడు, వీళ్లు చెట్ల కింద తిరుగుతున్నారు. పోయిన బంతిని వెతకడానికి 2019 నుంచి ఇచ్చేది మూడే నిమిషాలు. వీళ్లు పది నిమిషాలు వెతికారు. వెనక మూడు గ్రూపులు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాయి. చివరికి క్యాడీయే "ఛోడ్‌దో సాబ్, దూస్రా మారో" (వదిలేయండి సార్, ఇంకోటి కొట్టండి) అన్నాడు.

ఎండాకాలంలో ఇక్కడ పది దాటితే గ్రీన్ మీద నిలబడలేం. పొద్దున ఒక్క గ్రూపు ఆగిందంటే ఆ రోజు అందరికీ ఆలస్యమే.

మూడు పట్ల మూర్తి

సర్టిఫికెట్ ఉన్నవాళ్లు రౌండ్‌ని నాలుగున్నర గంటల్లో ముగిస్తున్నారా బాబాయ్? మొన్న ఆదివారం మీ గ్రూపు వెనక ఆడింది నేనే.

బోగీ బాబాయ్

మా గ్రూపులో ఒకాయనకి మోకాలి ఆపరేషన్ అయింది. ఆ లెక్క వేరు.

ఎడిసన్ ఎన్నారై

నేనుండేది న్యూజెర్సీ. మా దగ్గర్నుంచి కారులో వెళ్తే లాంగ్ ఐలండ్‌లో బెత్‌పేజ్ బ్లాక్ వస్తుంది. ప్రభుత్వ పార్కులో ఉన్న కోర్సు. 2002, 2009లో యూఎస్ ఓపెన్, 2019లో పీజీఏ చాంపియన్‌షిప్, 2025లో రైడర్ కప్, ఈ పెద్ద గోల్ఫ్ పోటీలన్నీ జరిగింది అక్కడే. మొదటి టీ దగ్గర ఒక బోర్డుంటుంది: ఇది చాలా కష్టమైన కోర్సు, బాగా ఆట వచ్చినవాళ్లకే సిఫార్సు చేస్తున్నాం అని దాని సారాంశం. ఆపేది ఆ బోర్డు ఒక్కటే. టీ టైమ్ కోసం జనం రాత్రంతా పార్కింగ్‌లో కార్లలోనే పడుకుంటారు. నేనూ పడుకున్నాను, పొద్దున మెడ పట్టేసింది. స్కోరు మాత్రం అడగొద్దు.

అలాగని బాబాయ్‌ది తప్పనను. స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు లింక్స్ (సముద్రం ఒడ్డున ఉండే కోర్సు) అనుకోండి, అదీ పబ్లిక్ కోర్సే. లాటరీలో పేరొస్తే ఎవరైనా ఆడొచ్చు, కానీ హ్యాండిక్యాప్ అడుగుతారు. ఇంతకీ ఆ కాగితం తెచ్చుకోవడం మామూలు మనిషికి అక్కడ ఎంత తేలిక, ఇక్కడ ఎంత కష్టం? నాకు తేడా అక్కడే కనిపిస్తోంది.

స్లైస్ సుబ్బారావు

నా బాధా అదే అన్నా. 2020లో వచ్చిన వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్ ప్రకారం 54 హోల్స్ స్కోర్లు ఇస్తే చాలు, ఇండెక్స్ (ఆ హ్యాండిక్యాప్ అంకె) వస్తుంది. ఇండెక్స్ గరిష్ఠం కూడా 54, అంటే నిన్నగాక మొన్న మొదలుపెట్టినవాడికీ చోటుంది. కానీ ఆ స్కోర్లు లెక్కలోకి రావాలంటే ఏదో ఒక క్లబ్బు ఉండాలి, మెంబర్‌షిప్‌కేమో లక్షలు. క్లబ్బులోకి రానివ్వరు, క్లబ్బు కాగితం మాత్రం తెమ్మంటారు.

లెక్కల మాస్టారు

అందరూ సర్టిఫికెట్ ఉందా లేదా అనే కొట్టుకుంటున్నారు. ఏ టీ నుంచి ఆడుతున్నాడో ఒక్కరూ అడగరేం?

ఒక లెక్క చెప్తాను. ఇండెక్స్ 18 ఉన్న మనిషి పార్ 72 (18 హోల్స్‌కి పడాల్సిన స్ట్రోకులు) కోర్సుకి వచ్చాడు. వెనక టీ స్లోప్ (మామూలు ఆటగాడికి ఎంత కష్టమో చెప్పే అంకె, ప్రామాణికం 113) 140, కోర్స్ రేటింగ్ (మంచి ఆటగాడికి పడే స్ట్రోకులు) 74.5 అనుకుందాం. 18ని 140తో గుణించి 113తో భాగిస్తే 22.3. దానికి రేటింగ్‌కీ పార్‌కీ తేడా 2.5 కలిపితే దాదాపు 25. ఊళ్లో 18 ఆడే మనిషికి ఇక్కడ 25 స్ట్రోకులు ఇవ్వాల్సి వస్తోంది. ఆ ఏడూ పోయేది చెట్లలోనే, బాబాయ్ చెప్పిన ఆకుల కిందే. అదే మనిషిని ముందు టీకి పంపితే గొడవ సగానికి సగం తగ్గుతుంది. సర్టిఫికెట్ ఉన్నవాడైనా వెనక టీ ఎక్కితే నడిచేది నత్తనడకే.

క్యాడీ బిడ్డ

మా నాయన చాలా ఏండ్లు క్యాడీ చేసిండు, చిన్నప్పుడు సెలవుల్ల నేను కూడ బ్యాగు మోసిన. ఒక మాట చెప్త.

కాగితం చూసి ఆట చెప్పలేం. 12 అని కాగితం తెచ్చి 25 ఆడేటోళ్లను చూసినం. 24 అని చెప్పి పందెం పెట్టి 14 ఆడేటోళ్లను కూడ చూసినం. మా నాయన అయితే టీ మీద మనిషి నిలబడే తీరు చూసి చెప్పేటోడు. గ్లౌజు ఎట్ల తొడిగిండు, ప్రాక్టీసు స్వింగు ఎన్నిసార్లు ఊపిండు, క్లబ్బు పట్టుకున్నప్పుడు బొటనవేలు ఎక్కడుంది. మూడో హోల్ దాకా కూడ ఆగకపోయేది. "ఈ సారుకు బంతులు ఎక్కువ పెట్టుకో బిడ్డా" అనేటోడు, అట్లనే అయ్యేది.

1991ల ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి మన దేశం ప్రొఫెషనల్ అలీ షేర్, ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బుల క్యాడీగ ఉండె. ఆటను దగ్గర్నుంచి చూసేది వీళ్లే. మరి గెస్టు సంగతి క్యాడీని అడగరేంది? రెండు హోల్స్ ఆడనియ్యుండ్రి, చేతగాకుంటే క్యాడీ బంతి ఎత్తుకొని ముందుకు పొమ్మంటడు, ఎత్తాలె. కానీ క్యాడీ మాట సారు వింటడా, అది చెప్పుండ్రి ముందుగల.

నయాఖిలా నడక

సర్టిఫికెట్ సంగతి సరే. గోల్కొండలో నయాఖిలా లోపలే 18 హోల్స్ వేశారు, వందల ఏళ్ల బావోబాబ్ చెట్టు హథియాన్ కా ఝాడ్ ఉన్నదీ ఆ గోడల మధ్యే. ఎవరు రావాలి, ఎవరు రాకూడదని అడిగే హక్కు అసలెవరికుంది...

మోడరేటర్

గోల్కొండ స్థలం వివాదానికి వేరే థ్రెడ్ ఉంది, 40 పేజీలు నడిచింది. దయచేసి అక్కడికి వెళ్లండి.

రెడ్ టీ కాదండీ

నా దగ్గర సర్టిఫికెట్ ఉంది. ఇండెక్స్ 11. నేనూ మావారూ గెస్టులుగా ఒక కోర్సుకి వెళ్లాం (ఇది వేరే ఊళ్లో). మావారిది 27, ఆయన్ని ఏ కాగితమూ అడగలేదు. మొదటి టీ దగ్గరుండే స్టార్టర్ నా కాగితం మడత కూడా విప్పకుండా "మేడమ్, రెడ్ టీ అటు" అని చెయ్యి చూపించాడు (ఆడవాళ్లు ఆడేదని అనుకునే ముందు టీ అది). వైట్ టీ నుంచే ఆడాను. అప్పుడుగానీ ఆయన నా కాగితం తీసి చదవలేదు.

రూల్ పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. అడిగితే అందరినీ అడగండి. మెంబర్ భుజం మీద చెయ్యేసి తీసుకొచ్చిన గెస్టునీ అడుగుతారా?

మూడు పట్ల మూర్తి

అడగరు. అడిగితే ఆ మెంబర్ సాయంత్రానికల్లా కమిటీకి ఉత్తరం రాస్తాడు.

బోగీ బాబాయ్

మేడమ్ చెప్పింది నిజమే, అడగం. మా గెస్టుల్ని నేనెప్పుడూ అడగలేదు. పోయిన నెల చెప్పిన ఆ నలుగురూ కూడా ఒక మెంబర్ గెస్టులే, ఇందాక రాయలేదు.

ముందు టీకీ ఒప్పుకుంటాను. క్యాడీ ఎత్తమంటే ఎత్తడానికీ ఒప్పుకుంటాను. రూల్ తీసేయమంటే మాత్రం ఒప్పుకోను. శని, ఆదివారాల్లో అసలే ఒప్పుకోను.

స్లైస్ సుబ్బారావు

బాబాయ్, మావాడు దసరాకి మళ్లీ వస్తున్నాడు. బెంగళూరులో కాగితం సంపాదిస్తానన్నాడు, వస్తుందో లేదో చూడాలి. రాకపోతే మీ గెస్టుగా తీసుకెళ్తారా?

బోగీ బాబాయ్

గురువారం, 6:10. వైట్ టీ. బంతులు డజను తెచ్చుకోమను, నా దగ్గర అడగొద్దు. ఫోన్ కారులోనే పెట్టాలి. 6:15 దాటితే నేనెళ్లిపోతాను.