థైరాయిడ్ కుడి లోబ్ (కుడి సగం) తీసేశారు, హార్మోన్ మాత్ర రాయలేదు. మిగిలిన సగం సరిపోతుందా?

అమలాపురం_అరటి:
మా అక్కకు 43. కాకినాడలో ఆపరేషన్ చేసి థైరాయిడ్ కుడి లోబ్ తీశారు. బయాప్సీలో క్యాన్సర్ లేదు, 'లింఫోసైటిక్ థైరాయిడైటిస్' (థైరాయిడ్ వాపు) అని రాశారు. ఆపరేషన్‌కు ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే పెరిగే హార్మోన్) 3.4. రెండో వారంలో చేయిస్తే 5.2. థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్ర ఇప్పుడే మొదలెట్టాలాండీ?

భీమవరం_ల్యాబ్:
రెండో వారం అంకెను పట్టించుకోకండి. రక్తంలో టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) సగానికి తగ్గడానికే వారం పడుతుంది, పాత నిల్వ ఇంకా నడుస్తూ ఉంటుంది. 6-8 వారాలకు టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా ఉండే టీ4) కలిపి చేయించండి. తర్వాత 6 నెలలకు, ఏడాదికి, ఆపైన ఏటా ఒకసారి. హార్మోన్ తగ్గేవాళ్లకు ఎక్కువగా మొదటి ఏడాదిలోనే తెలిసిపోతుంది.

సగం తీయించుకున్న అయిదుగురిలో ఇంచుమించు ఒకరికి హైపో (థైరాయిడ్ హార్మోన్ చాలకపోవడం) వస్తుంది. మీ అక్కగారికి అంతకన్నా ఎక్కువే అనుకోండి. బయాప్సీలో రాసిన ఆ వాపు ఎడమ లోబ్‌లోనూ ఉండొచ్చు. పైగా 3.4 నార్మలే అయినా, గ్రంథి మొత్తం ఉన్నప్పుడే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్‌తో దాన్ని గట్టిగా తోలుతోందన్నమాట. యాంటీ టీపీఓ (థైరాయిడ్‌పై ఒళ్లే దాడి చేస్తోందా అని చూసే రక్తపరీక్ష) ఒక్కసారి చేయిస్తే చాలు.

రాజోలు_మందులకొట్టు:
టీఎస్‌హెచ్ 10 దాటినా, ఫ్రీ టీ4 తగ్గినా డాక్టర్లు మాత్ర రాస్తారు. 5-10 మధ్య ఉండి నీరసం, మలబద్ధకం లాంటివి లేకపోతే మళ్లీ చూసి నిర్ణయిస్తారు, కొందరికి దానంతటదే దిగుతుంది. మొత్తం తీసేసినవాళ్లకు కిలోకు 1.6 మైక్రోగ్రాముల లెక్క. సగం ఉన్నవాళ్లకు తరచూ 25 లేదా 50తో మొదలు.

పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. కాఫీకి కనీసం అరగంట ఆగాలి, గంటైతే మరీ మంచిది. కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం. చాలామంది డోసు పెరిగిపోతోందని బెంగపడేది ఇక్కడే: మాత్ర, ఐరన్ ఒకే గుక్కలో మింగేస్తే ఒంటికి పట్టదు. మన వైపు ఉక్క తెలిసిందే కదా, సీసా పొయ్యి దగ్గర పెట్టకండి, లోపలి తేమ పీల్చే పొట్లం పారేయకండి.

భీమవరం_ల్యాబ్:
ఇంకోటి. జుట్టుకని బయోటిన్ వాడుతుంటే రక్తం ఇచ్చే 2 రోజుల ముందే ఆపాలి. కొన్ని మెషీన్లలో అది టీఎస్‌హెచ్‌ను తక్కువగా, ఫ్రీ టీ4ను ఎక్కువగా చూపించి హైపోను దాచేస్తుంది. మాత్ర మొదలయ్యాక, రక్తం ఇచ్చాకే ఆ రోజు మాత్ర.

అమలాపురం_అరటి:
రొయ్యలు, చేపలు, క్యాబేజీ మానేయమంటున్నారు?

రాజోలు_మందులకొట్టు:
అక్కర్లేదండీ. ఉడికించిన క్యాబేజీ మామూలుగా తినొచ్చు, పులసకు అడ్డం దాని ఖరీదే. అయోడిన్ ఉప్పు చాలు. విడిగా అయోడిన్ చుక్కలు, సముద్రపు నాచు మాత్రలు మాత్రం వద్దు. థైరాయిడైటిస్ ఉన్న లోబ్‌ను అవి ఇంకా మందగించేలా చేయొచ్చు.