యబ్బేజులాగా "నా సరిహద్దు విశాలపరచు" అని ప్రార్థించడం ఆత్మీయ ఎదుగుదలా, పేరు మీద ఆశా?

గుంటూరు కుర్రోడు:
అందరికీ వందనాలు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కొత్త సంవత్సరానికి ఒక్కో బైబిల్ వచనం రాసిన వాగ్దానం కార్డులు తీయిస్తారు కదా, నాకు 1 దినవృత్తాంతములు 4:10 వచ్చింది, యబ్బేజు ప్రార్థన. పేర్ల మీద పేర్లు వచ్చే వంశావళి మధ్యలో రెండే రెండు వచనాల్లో కనపడి మాయమైపోయే మనిషి, "నా సరిహద్దును విశాలపరచి" అని అడిగాడు, దేవుడు ఇచ్చేశాడు. సరే అని మా యూత్ శుక్రవారం కూటంలో దీన్నే అంశంగా పెట్టుకున్నాం. ప్రార్థన అంశాల చీటీలో మావాళ్ళు రాసింది ఉన్నదున్నట్టు చెప్తా: ఆత్మీయ ఎదుగుదల, యూట్యూబ్ ఛానల్‌కి పదివేల మంది సబ్‌స్క్రైబర్లు, గుంటూరు అంతా మా పాటలు వినాలి, కొత్త కీబోర్డు. చదువుతుంటే సంఘ పెద్ద ఒకాయన లేచి "మొదటిది తప్ప మిగతాదంతా ఎలక్షన్ మేనిఫెస్టోలా ఉందిరా" అన్నారు. ఇంకేముంది, అమ్మాయిలు నవ్వారు, కీబోర్డు తమ్ముడు అలిగి బండి తీసుకుని వెళ్ళిపోయాడు, ప్రార్థన జరగనే లేదు. మన ప్రభావం పెరగాలి, ఇంకా ఎక్కువమందికి చేరాలి అని అడగడం తప్పా? సూటిగా చెప్పండి, "అంతా దేవుని చిత్తం" అని తప్పించుకోవద్దు ప్లీజ్.

పట్నంబజార్ బ్రదర్:
తప్పేంటి తమ్ముడూ? అడగనందువల్లే మీకు దొరకట్లేదని యాకోబు 4:2లో ఉంది. యబ్బేజు అడిగితే దేవుడు ఏమన్నా కోప్పడ్డాడా, తిట్టాడా? ఇచ్చాడు. యెషయా 54:2లో గుడారపు స్థలం విశాలపరచుము అని దేవుడే అంటన్నాడు, ఇంగ్లండు మిషనరీ విలియం కేరీ 1792లో నాటింగ్‌హాంలో ఆ మాటల మీదే ప్రసంగం చేసి మరుసటి ఏడాది ఇండియాకి ఓడెక్కాడు. చెప్పులు కుట్టుకునే మనిషి "నాకు ఈ కొట్టు చాలులే" అనుకుని ఉంటే? మన సంఘాల్లో పెద్దోళ్ళకి ఒక అలవాటుంది, కుర్రోళ్ళు ఏదైనా పెద్దది అడిగితే గర్వం అంటారు, అదే వాళ్ళ అబ్బాయికి అమెరికా వీసా రావాలంటే మాత్రం సంఘమంతా ఉపవాసం ఉండాలి.

కృష్ణలంక అక్క:
వీసా మాట నిజమే బ్రదర్, ఒప్పుకుంటా 😄 కానీ 4:2 చెప్పి ఆపేశారే, పక్కనే 4:3 ఉంది, అడిగినా దొరకట్లేదు ఎందుకంటే దురుద్దేశంతో అడుగుతున్నారు అని. యేసు శిష్యులు యాకోబు యోహానులు కూడా అడిగారు కదా మార్కు 10లో, కుడిపక్కన ఒకరం ఎడమపక్కన ఒకరం కూర్చుంటాం అని, అదీ ప్రభావం కోసమే. మీరేం అడుగుతున్నారో మీకు తెలియదు అన్నాడు ప్రభువు. యిర్మీయా రాయించింది రాసిన బారూకుకి 45వ అధ్యాయంలో నీ కోసం గొప్పవాటిని వెదక్కు అని మొహం మీదే చెప్పించాడు. అంటే ఒకడు అడిగితే ఇచ్చాడు, ఇంకొకడికి వద్దన్నాడు, కాబట్టి వచనం దొరికింది కదా అని చీటీ మీద సంతకం పెట్టేసినట్టు కాదు.

మొన్న మా వైపు ఒక కూటానికి ఫ్లెక్సీ కట్టారు. ప్రసంగీకుడి బొమ్మ నిలువెత్తు, కోటు, చేతిలో మైకు, వెనకాల మెరుపులు. ప్రభువు పేరు ఎక్కడుందా అని వెతికితే కింద మూలన, సౌండ్ సిస్టం వాళ్ళ ఫోన్ నంబరు పైన, చిన్న అక్షరాల్లో. ఆయన కూడా సరిహద్దులు విశాలపరచమనే ప్రార్థన చేసుంటాడు, విశాలమైంది కూడా.

పట్నంబజార్ బ్రదర్:
ఒక ఫ్లెక్సీ చూసి అందర్నీ ఒకే గాటన కట్టేస్తే ఎట్టా అక్కా. దొంగనోటు ఉందని అసలు నోటు వాడటం మానేస్తామా.

బ్రాడీపేట మాస్టారు:
నేను రిటైరైన హిస్టరీ మాస్టారిని, కొంచెం ఓపిగ్గా చదవండి. మనం బైబిల్లోనే తిరుగుతున్నాం గానీ ఇక్కడికి మూడు గంటల దూరంలో ఒంగోల్లో ప్రార్థన కొండ ఉంది. నెల్లూరులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషను ఎన్నేళ్ళు పనిచేసినా విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే, అమెరికాలో బోర్డు వాళ్ళు మూసేద్దామా అని చర్చ పెట్టారు. అట్లాంటి టైంలో ఆ మిషను మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ కొండెక్కి ఒంగోలు కోసం మోకరించారు. అదే మిషను పంపిన జాన్ క్లౌ వచ్చి ఒంగోల్లో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్ళు.

అసలు నేను చెప్పాలనుకుంది తర్వాత సంగతి. 1876–78 కరువొచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. వేలమంది వచ్చి బాప్తిస్మం ఇయ్యండి అని అడుగుతున్నారు, మనమైతే ఏం చేస్తాం, ఫోటోలు తీసి పెడతాం. ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వస్తున్నారా, నిజంగా వస్తున్నారా తేలాలని ఏడాది పైన ఎవరికీ ఇవ్వనివ్వలేదు. ఆ తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు, నీళ్ళలో నిలబడి ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున మార్చుకుంటూ. ఈ పని మొత్తానికి బీజం వేసింది యర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ, చదువు రాదు. ఆయన ఊరూరా తిరిగి తనవాళ్ళకి చెప్పుకుంటూ పోయాడు. ఇప్పుడు చెప్పండి, ఇందులో సరిహద్దు విశాలపరచమని అడిగింది ఎవరు, విశాలపరిచింది ఎవరి ద్వారా?

పట్నంబజార్ బ్రదర్:
మాస్టారూ మీరు నా కేసే గెలిపించారు 🙏 కొండ మీద అడిగింది ఒంగోలునే కదా, ఊరు చూపించి మరీ అడిగారు. "మా ప్రేమ పెరగాలి ప్రభువా" అని దిగి రాలేదుగా.

కృష్ణలంక అక్క:
ఊరిని అడిగారు, ఆ ఊళ్ళో తమ పేరు మోగాలని అడగలేదు. మనవాళ్ళ చీటీలో చూడండి, "మా పాటలు", "మా ఛానల్". ఆ 'మా' తీసేసి చదివితే ఏమన్నా మిగులుతుందా అన్నదే నా గొడవ. పౌలు చూడండి, కొలొస్సయులకి రాసేటప్పటికి జైల్లో ఉన్నాడు. 4:3లో నా కోసం ప్రార్థించండి, దేవుడు తలుపు తెరవాలి అంటాడు. జైలు తలుపనుకుంటాం, కాదు, వాక్యానికి తలుపు! అంటే ప్రభావం కోసం అడిగాడు, నేనూ కాదనట్లేదు, కానీ తను లోపలే ఉండి బయటికి వాక్యం వెళ్తే చాలన్నాడు. మన ఛానల్ ఎవరో హ్యాక్ చేసి అవే పాటలు వాళ్ళ పేరుతో పెట్టి లక్షమంది విన్నారనుకోండి, సంతోషిస్తామా?

గుంటూరు కుర్రోడు:
అక్కా అది మరీ అన్యాయం 😭 కాపీరైట్ స్ట్రైక్ వేస్తాం.

సింగ్‌నగర్ సిస్టర్:
నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోతా, ఇది చూసి రాయాలనిపించింది. 2024 సెప్టెంబర్లో విజయవాడలో బుడమేరు వరద వచ్చినప్పుడు మేం మేడ మీదే ఉన్నాం, కరెంటు లేదు, తాగేనీళ్ళు లేవు, చుట్టూ నీళ్ళే. మా వీధి చివర ఒక చిన్న ప్రార్థనా మందిరం ఉంది, రేకుల షెడ్డు, అంతకుముందు మైకు సౌండని మా వీధిలో సగంమంది వాళ్ళ మీద కోపంగా ఉండేవాళ్ళు, మావారు ఒకసారి పోట్లాడారు కూడా. ఆ షెడ్డూ మునిగింది. కానీ ఆ పాస్టర్ గారు, అమ్మగారు, ఇంకో నలుగురు ఆడవాళ్ళు ట్యూబు మీద పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు పెట్టుకుని ఛాతీలోతు నీళ్ళలో తోసుకుంటూ వచ్చారు. ఎవరిల్లు ఏంటని అడగలేదు. మా ఎదురింటి మామ్మగారు శివాలయం మానని మనిషి, పొట్లం అందుకుని "అమ్మాయ్, నా మోకాళ్ళకి కూడా ఒక ప్రార్థన చెయ్యండి" అని ఆవిడే అడిగింది. అమ్మగారు అక్కడే నీళ్ళలో నిలబడి చేశారు. ఇప్పుడా మందిరం మైకు మీద మా వీధిలో ఎవరూ కంప్లయింట్ ఇవ్వరు. వాళ్ళు ఏ ప్రార్థన చేసుకున్నారో నాకు తెలియదు గానీ సరిహద్దు పెరగటమంటే నేను చూసింది ఇదే.

బ్రాడీపేట మాస్టారు:
బాగా చెప్పావమ్మా. మన గుంటూరు కుగ్లర్ ఆస్పత్రి సంగతీ ఇట్లాంటిదే. అన్నా కుగ్లర్ డాక్టరు చదివి 1883లో అమెరికా నుంచి మిషనరీగా వస్తే, పంపిన మిషన్ బోర్డు వైద్యం పనికి ఇంకా సిద్ధంగా లేదు, బడుల్లో, జెనానాల్లో (ఇళ్ళలో ఆడవాళ్ళు ఉండే భాగాల్లో) బోధన పని అప్పజెప్పింది. ఆవిడ అది చేసుకుంటూనే తన దగ్గరికొచ్చిన రోగుల్ని చూసింది. ఆస్పత్రి తెరిచింది 1898లో. ఆవిడ అడగకుండా ఉంటుందా, అడిగే ఉంటుంది, కానీ ఈలోపు ఇచ్చిన పని ఎగ్గొట్టలేదు.

గుంటూరు కుర్రోడు:
చీటీ మార్చా, చూడండి. మన కాలేజీ హాస్టల్లో ఒంటరిగా ఉండేవాళ్ళతో మాట్లాడే ధైర్యం కావాలి. ఫిలిప్పీయులకు 1:9లో ఉన్నట్టు ప్రేమ తెలివితో కూడా పెరగాలి. పాటలు అవసరమైనవాళ్ళకి చేరాలి, నంబరు తీసేశా. కీబోర్డు మాత్రం ఉంచా, పాతదాంట్లో మూడు కీలు మోగట్లేదు, అది ప్రభావం కాదు అవసరం.

పట్నంబజార్ బ్రదర్:
నంబరు ఎందుకు తీశావ్ తమ్ముడూ, ఆ 2,222 లెక్కపెట్టిన వాళ్ళు ఎవరూ భక్తిహీనులు కాదు. పదివేలంటే వచ్చిందో లేదో తెలుస్తుంది. "ప్రేమ పెరగాలి" అంటే పెరిగిందని ఎట్టా తెలుస్తుంది, చెప్పండి అక్కా?

కృష్ణలంక అక్క:
మీ ఇంట్లోవాళ్ళని అడగండి బ్రదర్. ఆదివారం గుళ్ళో మీరు చెప్పే సాక్ష్యం కాదు, సోమవారం పొద్దున కూరలో ఉప్పు తక్కువైనప్పుడు మీ మాట ఎట్టా ఉందో వాళ్ళకి తెలుసు.

పట్నంబజార్ బ్రదర్:
మా ఆవిడ్ని ఈ చర్చలోకి లాగకండి అక్కా, ఆవిడ ఒక్క కామెంట్ పెడితే నేను అకౌంట్ డిలీట్ చేసుకోవాలి 😂 నంబరు విషయంలో మాత్రం నేను తగ్గను, రెండూ అడుగుతా.