ట్రిగ్గర్‌ను లాగుతామా, నొక్కుతామా?

మొదటి పోస్టు, టెక్సస్ నుంచి:

అందరికీ నమస్కారం. ఒక మాట గురించి అడగాలని రాస్తున్నాను.

నేను ఇక్కడ యూఎస్‌పీఎస్‌ఏ అనే అమెరికా షూటింగ్ సంఘం పెట్టే పోటీలకు వెళ్తుంటాను. నా విభాగం పిస్టల్ క్యాలిబర్ కార్బైన్. అందరూ పీసీసీ అంటారు. రైఫిల్‌లాగా భుజానికి ఆనించి కాల్చేదే కానీ వేసేది పిస్టల్ తూటా, నాది 9 ఎంఎం. ఈ విభాగం 2016లో వచ్చింది. ఇందులో వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తారు. నడి గుర్తుకు తగిలితే 5, పక్కకు పోతే 3, ఇంకా పక్కకు పోతే 1. భుజం ఆసరా ఉండడం వల్ల తుపాకి పెద్దగా ఎగరదు. అందుకే ఇక్కడ సమయమూ గురీ రెండూ వేలి దగ్గరే పోతాయి.

పోయిన నెల ట్రిగ్గర్ మార్చాను. నాన్నకు ఫోన్‌లో చెబుతూ, "ఇదివరకు ట్రిగ్గర్ లాగడానికి 7 పౌండ్ల బలం కావాల్సి వచ్చేది, ఇప్పుడు మూడున్నర చాలు" అన్నాను. నాన్న వెంటనే "లాగడమేమిట్రా, ట్రిగ్గర్ నొక్కుతారు కదా" అన్నారు. ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే నాకు నేర్పిన కోచ్ కూడా మొదటిరోజు నుంచి "పుల్ అనుకోకు, ప్రెస్ అనుకో" అనే అంటున్నాడు. ఇంగ్లిష్‌లో అందరూ అనేదేమో పుల్ అనే. మరి తెలుగులో ఏది సరి? పైగా ట్రిగ్గర్ లోపల స్లాక్, వాల్, బ్రేక్, రీసెట్ అని నాలుగు దశలు ఉంటాయి. నాన్నకు వాటిని తెలుగులో చెప్పబోతే నోరు పెగల్లేదు.

జవాబు, గుంటూరు నుంచి:

బాబూ, మీ నాన్నగారు అన్నదే సరి. ఇంగ్లిష్ వాళ్ళు పుల్ అనడానికి కారణం ఆ మాటలోనే ఉంది. ట్రిగ్గర్ వాళ్ళ సొంత మాట కాదు, డచ్ నుంచి వచ్చింది. అక్కడ 'ట్రెక్కర్', అంటే లాగేది. మొదట్లో ఇంగ్లిష్‌లో 'ట్రిక్కర్' అనే రాసేవారు. లాగడం పేరులోనే ఉంది కాబట్టి వాళ్ళ క్రియా అలాగే నిలిచిపోయింది.

మనం మాటను తెచ్చుకున్నాం కానీ క్రియను తెచ్చుకోలేదు. ఏ పేపర్ తిరగేసినా "ట్రిగ్గర్ నొక్కాడు" అనే ఉంటుంది. హిందీలోనూ 'ఘోడా దబానా' అంటారు, అదీ నొక్కడమే. మీ కోచ్ అక్కడ పట్టుబట్టి నేర్పుతున్నది మన భాషలో ముందే ఉంది. నాకు ఇది చాలా నచ్చిన విషయం. తెలుగు తెలిసిన పిల్లవాడికి ఆ పాఠం సగం వచ్చేసినట్టే.

ఇంకొకటి. ట్రిగ్గర్‌కు 'మీట' అని రాసేవాళ్ళు ఉన్నారు. మంత్రిగారు మీట నొక్కి మోటార్లు ప్రారంభించారు అంటాం చూడండి, ఆ మీట. నామవాచకంగా తప్పులేదు. కానీ 'తుపాకి మీటాడు' అనకూడదు. మీటడం వీణ తీగది. వేలు తగిలీ తగలగానే చటుక్కున వదిలేయడం. ట్రిగ్గర్ మీద ఆ పని చేస్తే గురి చెదిరిపోతుంది.

'ఎక్కుపెట్టు' సంగతి కూడా చూడండి. అది వింటికి నారి ఎక్కించడం. ఇవాళ "తుపాకి ఎక్కుపెట్టాడు" అని రాస్తే ఎవరికీ వింతగా అనిపించదు. నారి లేని ఆయుధానికి విల్లు మాట ఎంత చక్కగా అతికిందో.

జవాబు, వరంగల్ నుంచి:

మేష్టారూ, మా దిక్కు 'గుంజు' అంటాం. "ట్రిగ్గర్ గుంజకు, నొక్కు" అని ఒక్క మాట చెబితే పిల్లలకు తేడా అర్థమైపోతుంది. మా పాప హైదరాబాద్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. మొదటి ఆర్నెల్లూ ఇదే పాఠం. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 10 మీటర్లలోనూ 25 మీటర్లలోనూ వ్యక్తిగత రజతాలు తెచ్చింది. అప్పటి నుంచి మా పాపకు ఈ ఆట తప్ప వేరే ధ్యాస లేదు.

తమ్ముడు 'బలం' అన్నాడు కదా, మేం 'బరువు' అంటాం. ఎయిర్ పిస్టల్‌కు కనీసం 500 గ్రాములు, 25 మీటర్ల పిస్టల్‌కు 1000 గ్రాములు ఉండాలని నియమం. పరీక్ష కూడా నిజంగా బరువుతోనే. పిస్టల్ గొట్టాన్ని నిటారుగా పైకి పెట్టి, ట్రిగ్గర్‌కు తూకం రాయి తగిలించి నేల నుంచి లేపుతారు. ట్రిగ్గర్ తెగకుండా రాయిని మోస్తే సరే. తమ్ముడి మూడున్నర పౌండ్లంటే ఒక కిలో ఆరువందల గ్రాముల దాకా. మా పాప ఎత్తితే "నాన్నా, ఇది రాయి" అంటుంది.

జవాబు, విజయవాడ నుంచి:

నేను ఆటోనగర్‌లో పెరిగిన మనిషిని. ఈ నాలుగు దశలకూ మెకానిక్ షెడ్లో మాటలు ఉన్నాయి.

స్లాక్ అంటే 'ప్లే', పని మొదలయ్యే ముందున్న వదులు. క్లచ్‌లో ప్లే ఉంది అంటాం, అదే. ప్లే అయిపోయి వేలికి గట్టిగా తగిలే చోట 'ఆనింది' అంటాం. అదే వాల్, గోడ అని అనువదించక్కర్లేదు. బ్రేక్‌కు 'తెగడం' బాగుంటుంది. వరంగల్ అన్న పైన తెలియకుండానే వాడేశారు. మంచి ట్రిగ్గర్ దారం తెగినట్టు పుటుక్కున తెగాలి. జీడిపాకంలా సాగిందంటే, గరగరలాడిందంటే అది బాగాలేనట్టే. లోపల తూటాను పేల్చే సుత్తి ఉంటుంది, దాన్ని పట్టి ఉంచేది కొక్కెం. మీరు నొక్కినప్పుడు జారేది ఆ కొక్కెమే.

మొదటి పోస్టు రాసినవారు:

అన్నా, 'పుటుక్కున' చదివి లేచి నిలబడ్డాను. నా కొత్త ట్రిగ్గర్‌లో నేను డబ్బు పెట్టి కొన్నది ఆ చప్పుడే. పాతది ఇక్కడ బాగా వాడే ఏఆర్ అనే రకం రైఫిళ్ళతో మామూలుగా వచ్చేది, అచ్చం జీడిపాకం.

కొక్కెం మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త చెప్పాలి. ట్రిగ్గర్ తేలికైతే చాలనుకుని చాలామంది కొక్కెం పట్టును అరగదీస్తారు. దయచేసి అలా చేయకండి. పట్టు తగ్గితే ఒకసారి నొక్కినందుకు రెండు తూటాలు పేలవచ్చు. పోటీలో అలా జరిగితే అక్కడికక్కడే ఆపేస్తారు, అది న్యాయమే. పీసీసీలో ఇంకో ఇబ్బంది ఉంది. ఎక్కువ మోడళ్ళలో బోల్టుకు, అంటే తూటాను వెనక నుంచి మూసి ఉంచే ముక్కకు, తాళం ఉండదు. దాని బరువూ స్ప్రింగూ మాత్రమే ఆపుతాయి. అది వెనక్కి వచ్చి కొట్టే దెబ్బ సుత్తి మీదా ట్రిగ్గర్ పిన్నుల మీదా పడుతుంది. నా పిన్నుల్లో ఒకటి, రెండు వందల తూటాలు కాల్చేసరికే పక్కకు జరిగింది. అప్పుడు జరగని పిన్నులు వేయించాను. ట్రిగ్గర్ కొనేవాళ్ళు ఎన్ని పౌండ్లు అని ఒక్కటే అడక్కుండా, పీసీసీకి ఆగుతుందా అని కూడా అడగాలి.

రీసెట్‌కు మాత్రం ఇంకా మాట దొరకలేదు. కాల్చాక వేలు పూర్తిగా తీయం. కొద్దిగా వదిలితే లోపల కొక్కెం మళ్ళీ పట్టుకుని టిక్కుమంటుంది. అక్కడి నుంచే తర్వాతిది నొక్కాలి. వేగమంతా అక్కడే ఉంది.

జవాబు, గుంటూరు నుంచి:

'గడియ పడటం' అనండి బాబూ. తలుపు మూసినప్పుడు లోపల టిక్కుమంటుందే, అదే కదా. "గడియ పడేదాకానే వేలు వదులు" అంటే మీ నాన్నగారికి ఇంకేమీ విడమరిచి చెప్పక్కర్లేదు.

జవాబు, వరంగల్ నుంచి:

రేపు ప్రాక్టీసులో మా పాపకు ఈ మాటే చెబుతాను మేష్టారూ.