‘గాంధీ’కి 8 ఆస్కార్లు: గొప్ప సినిమానా, అవార్డుకి కొలతలిచ్చి కుట్టించిన సినిమానా?

పాలకొల్లు పాతరీలు
అందరికీ నమస్కారమండి. మొన్న అక్టోబర్ 2న ఇంట్లో అందరం కూర్చుని డైరెక్టర్ అటెన్‌బరో తీసిన ‘గాంధీ’ మళ్ళీ చూశాం, 3 గంటల 11 నిమిషాలు, మధ్యలో భోజనాలకి లేచి మళ్ళీ కూర్చుని మరీ. నా చిన్నప్పుడు స్కూల్లో లైను కట్టించి హాలుకి తీసుకెళ్ళారండి, ఆఖర్లో అస్థికలు నీళ్ళలో కలుపుతుంటే హాలంతా చప్పుడు లేదు, అది నాకు ఇప్పటికీ గుర్తే. ఈసారి మాత్రం డిగ్రీ చదివే మావాడు సగం సినిమా అయ్యాక “నాన్నా, ఇందులో అంబేడ్కర్ ఎప్పుడొస్తాడు?” అన్నాడు. రాడురా అన్నాను. ఎందుకు రాడు అన్నాడు. నా దగ్గర సమాధానం లేదండి.

అప్పట్నుంచీ ఆలోచిస్తుంటే నాకనిపించింది ఇదీ. సినిమాలో ప్రతి మలుపు దగ్గరా మనకి అర్థం చెప్పడానికి ఒక తెల్లమనిషిని నిలబెట్టారు. దక్షిణాఫ్రికాలో పాదిరీ ఆండ్రూస్, ధరాసన ఉప్పు సత్యాగ్రహంలో లాఠీ దెబ్బలు చూసి ఫోన్లో వార్త చెప్పే విలేఖరి వాకర్, చివర్లో ఫొటోలు తీసే బర్క్ వైట్. ఆ వాకర్ అయితే అసలు చరిత్రలో లేని మనిషి, సినిమాకోసం అల్లిన పాత్ర. ఆ దెబ్బలు తిన్నవాళ్ళలో ఒక్కడికైనా పేరుందా? ఆస్కార్‌కి ఓటేసేవాళ్ళకి దారి చూపించడానికే ఇవన్నీ పెట్టారని నా అభిప్రాయం. తప్పయితే చెప్పండి, నేర్చుకుంటాను.

భీమారం బ్రో
తప్పేనండి అన్నయ్యగారూ, ఏమీ అనుకోవద్దు. అవార్డు కోసం తీసేవాడు 20 ఏళ్ళు తిరుగుతాడా? అటెన్‌బరో చెవిలో ఈ కథ పడింది 1962లో, సినిమా వచ్చింది 1982లో. మధ్యలో ఎన్ని స్టూడియోల గడప తొక్కాడో, పంచె కట్టుకున్న ముసలాయన కథ ఎవడు చూస్తాడని ఎవ్వడూ డబ్బు పెట్టలేదు, ఆఖరికి మన ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ కూడా కొంత పెట్టాల్సొచ్చింది. ఆ అంతిమయాత్ర సీన్ ఒక్కటి చాలు, 3 లక్షల మంది జనం, గ్రాఫిక్స్ లేని రోజుల్లో, నిజం మనుషులు. ఇందులో దుస్తుల డిజైన్‌కి భాను అథైయా గారికి వచ్చింది మన దేశానికి మొట్టమొదటి ఆస్కార్. అలాంటిదాన్ని కొలతలిచ్చి కుట్టించింది అంటే నాకు బాధేస్తుందండి.

ఇంకోటి, ఏ మనిషి జీవితమూ ఒక్క కథలో ఇమడదని సినిమా మొదట్లోనే కార్డు వేశారు. చేతులెత్తి ముందే చెప్పేశాడు కదా, ఇక ఆయన లేడు ఈయన లేడు అని లెక్కపెడితే ఎలా?

ముక్తేశ్వరం రేవు
కార్డు వేసినంత మాత్రాన సరిపోదు తమ్ముడూ. ఏది వదిలేశారో చూడాలి.

మాది ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా. నేను పిల్లలకి సాంఘిక శాస్త్రం చెప్తాను, వాళ్ళు స్కూలు బోర్డు మీద ఆ పేరు చూస్తూ లోపలికొస్తారు. ఈ సినిమా చూపిస్తే మొదట అడిగేది అదే ప్రశ్న, మీ అబ్బాయి అడిగిందే. సినిమాలో గాంధీగారు 1931లో లండన్ వెళ్తారు, తర్వాత ఒక్కసారిగా యుద్ధం వచ్చేస్తుంది. మధ్యలో 1932 ఉంది. దళితులు తమ ప్రతినిధుల్ని తామే ఎన్నుకునే వేరు నియోజకవర్గాలు వద్దని యరవాడ జైల్లో గాంధీగారు నిరాహారదీక్ష పట్టడం, ఆయన ప్రాణం పోతే ఆ నింద దళితుల మీద పడుతుందన్న భయంతో అంబేడ్కర్ వెనక్కి తగ్గడం, చేతికొచ్చిన వేరు నియోజకవర్గాలు వదులుకుని రాష్ట్రాల సభల్లో 148 రిజర్వుడు సీట్లకి ఒప్పుకుని పూనా ఒప్పందం మీద సంతకం పెట్టడం. ఇద్దరు పెద్ద మనుషులు, జైలు, గడుస్తున్న గంటలు, ఇంతకన్నా సినిమా సీను ఎక్కడ దొరుకుతుందండి?

నేను గమనించిందేంటంటే, దీక్ష సీన్లు సినిమాలో ఉన్నాయి. చౌరీచౌరా తర్వాతది ఉంది, కలకత్తాది ఉంది. ఆ రెండిట్లోనూ ఎదుట ఉన్నది హింస, కాబట్టి గాంధీగారు ఎటూ ఒప్పే. ఎదుటి మనిషి దగ్గర కూడా గట్టి న్యాయం ఉన్న దీక్ష ఒక్కటే, అది తీసేశారు. నిడివి కోసం తీశారంటే నేను నమ్మను. అది పెడితే చూసేవాడు ఇంటికెళ్ళి రాత్రంతా ఆలోచించాలి, అవార్డు సినిమాకి కావాల్సింది కన్నీళ్ళు తుడుచుకుని లేచి చప్పట్లు కొట్టడం.

భీమారం బ్రో
టీచరుగారూ, దీక్షల గురించి మీరు చెప్పింది నేనెప్పుడూ ఆ వైపు నుంచి చూళ్ళేదు, ఒప్పుకుంటున్నా. కానీ అంబేడ్కర్ మీద వేరే సినిమా ఉంది కదండీ, 2000లో జబ్బార్ పటేల్ తీసింది, మమ్ముట్టికి జాతీయ ఉత్తమ నటుడు వచ్చింది. ఒకాయన సినిమా ఒకాయనకి, ఇంకొకాయనది ఇంకొకాయనకి.

ముక్తేశ్వరం రేవు
పూనా ఒప్పందం ఇద్దరిదీ. చెరో సినిమాలో పెట్టుకోడానికి అదేమన్నా వాటాలు పంచుకున్న కొబ్బరితోటా?

రావులపాలెం గెల
నేను మధ్యలో దూరుతున్నా, క్షమించండి. అవార్డు కోసం తీస్తే తప్పేంటి అనేది నా ప్రశ్న. ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చిన రోజు, 2023 మార్చిలో, మా ఊళ్ళో పొద్దున్నే బాణసంచా కాల్చారు, కీరవాణి గారు పుట్టింది మన కొవ్వూరు అని ప్రతి ఒక్కడూ చెప్పుకున్నాడు. ఆ ఏడాది దేశం తరఫున అధికారికంగా పంపింది ‘ఛెల్లో షో’ అనే గుజరాతీ సినిమా, అయినా మనవాళ్ళు సొంతంగా వెళ్ళి అమెరికాలో షోలు వేసి తిరిగి తెచ్చుకున్నారు. కానీ సినిమా తీసేటప్పుడు మన హాల్లో ఈలలేసే జనాన్నే చూసుకున్నారు, అవార్డు వేట తర్వాత సంగతి. ముందు ఎవర్ని కళ్ళముందు పెట్టుకుని తీశావు అన్నదే తేడా అనుకుంటా.

ధవళేశ్వరం లాకు
గెల గారు చెప్పింది పట్టుకుని ఒకటి చెప్తానండి. రేపెవరో కాటన్ దొర మీద పెద్ద సినిమా తీస్తారనుకోండి, ఇంగ్లీషులో, అవార్డులకి. కథ దానికి అచ్చంగా సరిపోతుంది. 1833 కరువులో జనం పిట్టల్లా రాలిపోయిన నేల, 1847లో పని మొదలెట్టి 1852కి గోదారి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి, అక్కణ్ణుంచి కాలవలు, ఇవాళ సుమారు 10 లక్షల ఎకరాలు. మా తాతగారు రేవులో స్నానం చేస్తూ కాటన్‌ని భగీరథుడితో పోల్చే శ్లోకం చదివేవారు, మాకు ఆయన మీద ఉన్న భక్తి అబద్ధం కాదు, ఊరూరా విగ్రహాలున్నాయి.

కానీ ఆ సినిమాలో ఏం చూపిస్తారో నాకు ఇప్పుడే కనిపిస్తోంది. దొర ఒంటరిగా గట్టు మీద నిలబడి గోదారిని చూడటం, పైవాళ్ళతో కాయితాల మీద పోట్లాట, మద్రాసులో మీటింగు, ఆఖర్న నీళ్ళు పారడం, సంగీతం. దొర పక్కనుండి పని నడిపించిన వీణెం వీరన్న గారికి రెండు డైలాగులిస్తే గొప్ప. రాళ్ళు మోసిన కూలోళ్ళు వెనకాల వరసగా నడుస్తుంటారు. వరదకి ముందు పని అవ్వాలని ఆ నాలుగైదు ఎండాకాలాలు ఇసకలో ఎలా చేశారో, నీళ్ళలో పునాది ఎలా నిలబెట్టారో, ఏం తిన్నారో, ఆ కష్టం నాకు తెర మీద కావాలండి. అది పెడితే జ్యూరీకి అర్థం కాదని నిర్మాత అంటాడు. అక్కడే నాకు అవార్డు సినిమా మీద కోపం. దొర ఉన్నందుక్కాదు, దొర కళ్ళతో తప్ప మమ్మల్ని చూడలేనందుకు.

నర్సాపురం లేసు
అందరూ ఒక వైపే లాగుతున్నారు కాబట్టి నేను రోహిణీ హట్టంగడి గారి గురించి చెప్పాలి. మనకి ‘సీతారామయ్యగారి మనవరాలు’లో నాగేశ్వరరావు గారి పక్కన నాయనమ్మగా తెలుసు కదా, ఆవిడే ఇందులో కస్తూర్బా. సహాయనటిగా బ్రిటన్ వాళ్ళ సినిమా అవార్డు బాఫ్టా వచ్చింది. దక్షిణాఫ్రికా ఆశ్రమంలో పాయఖానాలు కడగమంటే ఆవిడ నేను కడగను, అది అంటరానివాళ్ళ పని అంటుంది, గాంధీ కోపంతో చెయ్యి పట్టి గుమ్మం దాకా ఈడుస్తాడు. ఆ సీన్లో ఇద్దరూ తప్పే, ఇద్దరి బాధా తెలుస్తుంది, మహాత్ముడు మొగుడిలా కనిపిస్తాడు. పొగడ్డానికే తీసినవాడైతే ఆ సీను ఉంచుతాడా? నాకు ఆ రెండు నిమిషాల కోసం సినిమా అంతా కావాలి.

పాలకొల్లు పాతరీలు
లేసు గారూ, ఆ సీను దగ్గర మా ఆవిడ వంటగదిలోంచి వచ్చి నిలబడిపోయిందండి, మీరు రాసింది చదివి వినిపించాను, అవును అంది. అలా తీయడం చేతనైనవాడు యరవాడ కూడా తీయగలడు. అందుకే నాకు ఇంకా ఎక్కువ కష్టంగా ఉంది, చేతకాక వదిలెయ్యలేదు. కొలతలిచ్చి కుట్టించింది అన్న మాట వరకు వెనక్కి తీసుకుంటున్నాను, 20 ఏళ్ళు తిరిగిన మనిషిని అలా అనకూడదు. వదిలేసిన 1932 మాత్రం నేను వదల్లేను.

ఈ ఆదివారం మావాడితో మమ్ముట్టి సినిమా చూస్తున్నాం. టీచరుగారూ, యరవాడ దగ్గర ఆపి వాడికి చెప్పాల్సినవి ఏమైనా ఉంటే శనివారంలోగా రాయండి.

ముక్తేశ్వరం రేవు
రాస్తానండి. మీరు ముందేమీ చెప్పకండి, ఎవరిది న్యాయం అని వాణ్ణే అడగండి.

భీమారం బ్రో
చూసి ఇక్కడ రాయండి అన్నయ్యగారూ, నేనూ చూస్తాను. ‘గాంధీ’కి మాత్రం నా లెక్కలో 8కి 8 అలాగే ఉంటాయి.