డీపీఎఫ్ పీకించడం నేరమా? బండి నాది కదా!

హైవేరాజు: నాది 2021 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ, బీఎస్6 (భారత్ స్టేజ్ 6 కాలుష్య ప్రమాణం). రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ, అంతా ట్రాఫిక్‌లోనే. డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు మాటిమాటికీ వెలుగుతోంది. ఫిల్టర్ మార్చాలంటే లక్ష పైమాటే అంటున్నారు. తెలిసిన గ్యారేజీ అతను లోపలి ఫిల్టర్ తీసేసి, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) సెట్టింగులు మార్చి, అంటే రీమ్యాప్ చేసి, లైటు రాకుండా చేస్తానన్నాడు. పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తే చాలు కదా?

లాయర్‌గారబ్బాయి: చాలదండీ. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. కాలుష్య ప్రమాణాలు తప్పిన బండి నడిపితే 190(2) కింద మొదటిసారికే 10,000 వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. లైసెన్సు మీద మూడు నెలల అనర్హత అదనం.

గోదారోడు: ఆర్‌సీలో డీపీఎఫ్ అనే గడే లేదు, ఇక తేడా ఎక్కడ? నల్లపొగ కక్కే టిప్పర్లను వదిలేసి కారోడి మీద పడటమేంటి?

లాయర్‌గారబ్బాయి: గడి లేకపోవచ్చు. భారత్ స్టేజ్ 6 అన్న లైను ఉందా లేదా, కార్డు తీసి చూడండి. ఫిల్టర్ పీకితే ఆ లైను అబద్ధమవుతుంది. టిప్పర్ల విషయంలో మీతో గొడవ లేదు, వాళ్లనీ పట్టుకోవాల్సిందే.

స్పానర్ భాయ్: సర్టిఫికెట్ మీద అంత నమ్మకం వద్దు అన్నా. డీజిల్ బండికి యాక్సిలరేటర్ తొక్కించి పొగ మందం చూస్తారంతే, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎవరూ కొలవరు. ఇక ఫిల్టర్ ఉందో లేదో తెలియడానికి మెషీన్ కూడా అక్కర్లేదు. చల్లారిన సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి తిప్పు. బాగున్న డీపీఎఫ్ అయితే వేలికి మసి పెద్దగా అంటదు, పీకేస్తే కాటుకే.

ముందు ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి ఓ అరగంట ఆగకుండా పోనివ్వు. ఫిల్టర్‌లో వేడి దాదాపు 600 డిగ్రీలకు చేరితే మసి దానంతటదే కాలిపోతుంది. మధ్యలో ఇంజిన్ ఆపావో, మళ్లీ మొదటికొస్తుంది. డిప్‌స్టిక్ కూడా చూడు. ఆయిల్ మట్టం పెరిగిందంటే డీజిల్ అందులో కలుస్తున్నట్టే.

హైవేరాజు: ఆర్‌సీ చూశా, ఆ లైను ఉంది. ఆదివారం శంషాబాద్ వైపు వెళ్లొస్తా. కానీ సిటీలో తిరిగేవాడికి డీజిల్ అంటగట్టేటప్పుడు ఇదంతా చెప్పాలా వద్దా?

గోదారోడు: అదీ అసలు ప్రశ్న. ఓనరుకు శిక్ష సరే, పీకినోడికి ఏం లేదా?

లాయర్‌గారబ్బాయి: ఎందుకు లేదు! 2019 సవరణతో వచ్చిన 182ఏ చూడండి. ప్రమాణాలకు విరుద్ధంగా బండి మార్చే డీలరుకు ఏడాది వరకు జైలు, లేదా బండికి లక్ష జరిమానా, లేదా రెండూ. ఈ చట్టంలో డీలరంటే రిపేరు చేసేవాళ్లు కూడా. మారుస్తానని ముందుకొచ్చినా అదే సెక్షన్. ఆ మాట మీ గ్యారేజీ అతనికి చెప్పి చూడండి.