మాంగాలోని యోకాయ్‌లు జనం నోట పుట్టాయా, చిత్రకారుల చేతిలోనా?

పొగమంచు:
నురారిహ్యోన్ అనేవాడు యోకాయ్‌లన్నిటికీ (జపాన్ దయ్యాలు, వింతజీవులకు) నాయకుడని మాంగాల్లో, అంటే జపాన్ బొమ్మల కథల్లో చదివి, అది జపాన్ పల్లెల నమ్మకమని రాసేస్తున్నారు. 1776లో చిత్రకారుడు తొరియామా సెకియెన్ వేసిన బొమ్మలో ఉన్నది ఇంట్లోకి అడుగుపెడుతున్న పొడవు తల ముసలాయన, అంతే. పక్కన ఒక్క ముక్క వివరణ లేదు. నాయకత్వం అంటగట్టింది 1929లో ఫుజిసావా మొరిహికో ఆ బొమ్మ కింద రాసిన వ్యాఖ్య. ఒకయామా తీరంలో అదే పేరుతో చెప్పుకునేది వేరు: సముద్రంలో తలకాయంత గుండ్రటిది తేలుతుంది, పట్టుకోబోతే జారి మునిగి మళ్లీ తేలుతుంది. నా దృష్టిలో మాంగా యోకాయ్‌లు చాలావరకు అచ్చు పుస్తకాల బిడ్డలే.

కొండగాలి:
ఒక్కదాన్ని చూపి అన్నిటినీ కొట్టెయ్యకండి. నురికాబె అనే గోడ దయ్యం సంగతేమిటి? జానపద పరిశోధకుడు యనగితా కునియో 1938లో నమోదు చేశాడు: ఫుకుఓకాలోని ఓంగా తీరాన రాత్రిపూట నడుస్తుంటే ఉన్నట్టుండి గోడ అడ్డుపడుతుంది. కర్రతో అడుగున ఊడ్చినట్టు కొడితే మాయమవుతుంది, పైన ఎంత బాదినా లాభం లేదు. ఇంత కచ్చితమైన ఉపాయం ఊరి జనం నోటి నుంచి వచ్చిందే. కగోషిమా ఇత్తాన్-మొమెన్ కూడా అంతే. సుమారు 10 మీటర్ల తాను గుడ్డ రాత్రి ఎగిరొచ్చి మనిషి మీద పడుతుంది.

పొగమంచు:
మరి ఆ గోడకు కళ్లు, కాళ్లు ఎవరు పెట్టారు? మాంగా చిత్రకారుడు మిజుకి షిగెరు. నారా ప్రాంతపు సునకాకె-బాబా ఇసుక చల్లుతుందే గాని ఎవరి కంటా పడలేదని యనగితాయే రాశాడు. కనపడకపోవడమే అక్కడి భయమంతా. ముఖం గీయగానే అది పోయింది, ఒక పాత్ర మిగిలింది.

తామరాకు:
ఇద్దరూ నోటిమాట, పుస్తకం అని గీత గీస్తున్నారు. ర్యోమెన్ సుకునాను చూడండి. 720 నాటి ‘నిహొన్ షోకి’ అనే రాజాస్థాన చరిత్ర ప్రకారం హిదా ప్రాంతంలో రెండు ముఖాలు, నాలుగు చేతులున్నవాడు రాజాజ్ఞ ధిక్కరించి ప్రజలను దోచుకుంటే చంపించారు. అదే హిదాలో, ఇప్పటి గిఫులో, తకాయమాలోని సెంకోజి గుడి అతన్ని తన స్థాపకుడిగా కొలుస్తుంది. 17వ శతాబ్దపు శిల్పి ఎంకూ చెక్కిన అతని విగ్రహమూ అక్కడే ఉంది. ‘జుజుత్సు కైసెన్’ మాంగాలో శాపాల రారాజుగా వచ్చే సుకునా రాజధాని రాతలకే దగ్గర. ఓడిన ప్రాంతం తన మనిషి గురించి చెప్పుకున్నది మాంగా పాఠకుడి దాకా రానే లేదు. నాకు బాధ కలిగించేది అదీ.

కొండగాలి:
ఒప్పుకుంటాను. అందుకే ఏ యోకాయ్‌నైనా విడిగా తేల్చుకోవాలి. క్యోటోలోని నిచిబున్‌కెన్ సంస్థ యోకాయ్ డేటాబేస్‌లో పేరును కటకానాలో (ఉచ్చారణను రాసే జపాన్ అక్షరాల్లో) కొట్టండి, కాంజీలో (చైనా నుంచి వచ్చిన అక్షరాల్లో) ఒకే పేరును పలు విధాలుగా రాస్తారు గనుక. ఫలితంలో ముందు జిల్లా పేరు, తర్వాత నివేదిక అచ్చయిన ఏడాది చూడండి. 1968లో మిజుకి యోకాయ్ మాంగా ‘కితారో’ టీవీకెక్కింది. ఆ తర్వాతి నివేదికలే ఉంటే, చెప్పినవాళ్లు టీవీలో చూసింది చెప్పారేమోనని అనుమానించాల్సిందే.

పొగమంచు:
ఆ జల్లెడ నాకు సమ్మతమే. కాకపోతే అది ప్రధానంగా జానపద పత్రికల నుంచి కూర్చింది. ఎవరూ వెళ్లి అడగని ఊళ్ల కథలు అందులో ఉండవు. అక్కడ దొరకలేదని కల్పన అనెయ్యకూడదు. సెకియెన్ 1784 పుస్తకంలోని పాత సామాన్ల దయ్యాల విషయంలో మాత్రం నా మాట మారదు: వాటిలో చాలావరకు అతని సొంత సృష్టే.