తటస్థ ఓటరా, స్వతంత్ర ఓటరా? విసిగిన అమెరికా ఓటరుకు తెలుగు మాట

అనువాదాల డెస్కు:
2024 అమెరికా అధ్యక్ష ఎన్నికల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాం. మాట్లాడేది పెన్సిల్వేనియా ఓటరు. ఏ పార్టీలోనూ పేరు రాయించుకోలేదు. రెండు పార్టీల మీదా ఒళ్లు మంట, అయినా ఓటు మాత్రం మానడు. మూడు చోట్ల పెన్ను ఆగింది. ఈయన్ని తటస్థ ఓటరు అనాలా, స్వతంత్ర ఓటరు అనాలా? ‘ముక్కు మూసుకుని ఓటేశాను’ అన్న మాటను అలాగే ఉంచవచ్చా? చివర్లో రెండు పార్టీలనూ కలిపి తిట్టే వాక్యానికి ‘ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోడానికి’ అని పెట్టాం. ఎడిటరు గారేమో ‘దొందూ దొందే’ చాలంటున్నారు. ఏది నప్పుతుంది?

పదాల పెట్టె:
తటస్థ వద్దండి. తటం అంటే గట్టు. తటస్థుడు గట్టున నిలబడ్డవాడు, ఒళ్లు తడవనివాడు. ఎవరు ఈదినా ఎవరు మునిగినా ఆయనకు పట్టదు. మీ ఓటరు పీకల్లోతు నీళ్లలో ఉండి తిడుతున్నాడు కదా!

మన పత్రికలు రాష్ట్రాల విషయంలోనూ ఇదే పొరపాటు చేస్తుంటాయి. ఏ పార్టీ గెలుస్తుందో ముందే చెప్పలేని స్వింగ్ స్టేట్లను ‘తటస్థ రాష్ట్రాలు’ అని రాసేస్తారు. 2024లో అవి ఏడు: పెన్సిల్వేనియా (19 ఎలక్టోరల్ ఓట్లు), జార్జియా (16), నార్త్ కరోలినా (16), మిషిగన్ (15), అరిజోనా (11), విస్కాన్సిన్ (10), నెవాడా (6). మొత్తం 93. (ఎలక్టోరల్ ఓట్లంటే అధ్యక్షుణ్ణి తేల్చడానికి ఒక్కో రాష్ట్రానికి ఉన్న ఓట్లు.) అక్కడి జనం ఎటూ కాకుండా ఉన్నారనుకుంటే తప్పు. దాదాపు సగం మంది ఇటు, సగం మంది అటు బిగుసుకుని కూర్చున్నారు, తక్కెడ ముల్లు మధ్యలో వణుకుతోంది. ‘ఊగిసలాడే రాష్ట్రాలు’ కొంత నయం, కానీ ఊగిసలాట మనసుకు చెప్పే మాట. మనకు అచ్చమైన పలుకుబడి ఉండనే ఉంది: ‘నువ్వా నేనా అన్నట్టున్న రాష్ట్రాలు’. శీర్షికలో పట్టదంటారా? అలాంటప్పుడు స్వింగ్ స్టేట్ అనే ఉంచండి, తప్పు మాట కంటే అరువు మాట నయం.

డాలస్ తెలుగు:
‘స్వతంత్ర’ కూడా ఆలోచించి వాడాల్సిన మాటే. కాలిఫోర్నియాలో అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ అని ఒకటుంది. 1968 అధ్యక్ష ఎన్నికల్లో జార్జ్ వాలెస్ పోటీ కోసం పుట్టిన పార్టీ అది. ఓటరు నమోదు ఫారంలో ఆ పేరు చూసి, ‘నేను ఏ పార్టీ వాణ్ణీ కాను’ అనుకునేవాళ్లు ఆ గడిలో టిక్కు పెట్టేస్తారు. 2016లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ సర్వే చేయిస్తే, ఆ పార్టీ కింద నమోదైనవాళ్లలో నూటికి 73 మందికి తాము ఒక పార్టీలో ఉన్నామనే తెలియదని తేలింది. వాళ్లు పెట్టాల్సిన టిక్కు ‘నో పార్టీ ప్రిఫరెన్స్’ (ఏ పార్టీ లేదు) దగ్గర. ఒక్క మాట వల్ల అధ్యక్ష ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నికలో, డెమోక్రాట్ల బ్యాలెట్ అడిగే వీలు పోగొట్టుకున్నారు.

మనకూ ఈ మెలిక కొత్తది కాదు. 1959లో రాజాజీ స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు మన ఎన్.జి. రంగా గారే. అప్పట్లో ‘స్వతంత్ర అభ్యర్థి’ అంటే ఆ పార్టీ వాడా, ఏ పార్టీ లేనివాడా అని మళ్లీ అడగాల్సి వచ్చేది.

మీ వ్యాసానికి ‘పార్టీ రాయించుకోని ఓటరు’ అనండి. పొడుగైనా గురి తప్పదు, పైగా ఆయన కోపానికి సగం కారణం ఆ మాటలోనే ఉంది. పెన్సిల్వేనియాలో ప్రైమరీలు మూసిన తలుపులు. డెమోక్రాట్‌గా రాయించుకుంటేనే డెమోక్రాట్ల ప్రైమరీలో ఓటు, రిపబ్లికన్‌గా రాయించుకుంటేనే రిపబ్లికన్ల ప్రైమరీలో. పార్టీ లేనివాళ్లు ఆ రోజు బ్యాలెట్ మీద ప్రజాభిప్రాయ ప్రశ్నలేవైనా ఉంటే వాటికి, ఉప ఎన్నికేదైనా ఉంటే దానికి మాత్రమే ఓటు వేయగలరు. అంటే వంట ఎవరిదో తేల్చే రోజు వాకిట్లో నిలబెట్టి, నవంబరులో విస్తరి వేసి తినమంటారన్నమాట.

ఒక జాగ్రత్త. ఈ మాట అన్ని రాష్ట్రాలకూ పనికిరాదు. మిషిగన్, విస్కాన్సిన్, జార్జియాలలో ఓటరు నమోదులో పార్టీ గడే ఉండదు.

సామెతల సంచి:
ముక్కు సంగతికి వస్తాను. ఇంగ్లిష్‌లో ముక్కు మూసుకోవడం కంపు భరించలేక. తెలుగులో ముక్కు మూసుకుని కూర్చునేది తపస్సు చేసుకునేవాడు. ‘ముక్కు మూసుకుని ఓటేశాను’ అని చదివిన మనవాడికి, ఈయన ఎవరి జోలికీ పోకుండా బుద్ధిగా ఓటేసి వచ్చాడని అర్థమవుతుంది. కళ్లకు మారిస్తే ఇంకా ప్రమాదం. ‘కళ్లు మూసుకుని ఓటేశాను’ అంటే ఏమీ ఆలోచించకుండా గుర్తు చూసి గుద్దానని. అది ఆయన ఎవరినైతే తిడుతున్నాడో వాళ్లు చేసే పని.

‘మనసు చంపుకుని ఓటేశాను’ అనండి. ఇష్టం లేదు, ఆలోచించాడు, అయినా వేశాడు. మూడూ వచ్చేస్తాయి.

సామెతలు: ‘దొందూ దొందే’ అంటే తూకం వేసి, రెండూ సమానమని తీర్పు చెప్పడం. అందులో వెటకారం ఉంది, నొప్పి లేదు. పక్కన నిలబడి నవ్వేవాడి మాట. ‘ఏ రాయైతేనేం’లో పళ్లు చెప్పేవాడివే. మీ ఓటరుకు ఇదే సరి. ‘ముందు నుయ్యి వెనక గొయ్యి’ కూడా దగ్గరదే కానీ, నుయ్యి గొయ్యిల మధ్య ఉన్నవాడికి కదలకుండా నిలబడే వీలుంది. ఓటరు నిలబడిపోయినా ఎవరో ఒకరు గెలుస్తారు, రాయి వచ్చి పడుతుంది.

డాలస్ తెలుగు:
సంచి గారూ, బాధ వరకు ఒప్పుకుంటాను, లెక్క వరకు కాదు. ‘ఏ రాయైతేనేం’ అనుకుని ఐదారు వందల మంది ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో 2000లో ఫ్లోరిడా చూపించింది. బుష్, గోర్‌ల మధ్య ఆఖరి తేడా 537 ఓట్లు. అక్కడ మూడో అభ్యర్థి, గ్రీన్ పార్టీ రాల్ఫ్ నేడర్‌కు పడినవి 97 వేల పైచిలుకు. 2020లో జార్జియా, అరిజోనా, విస్కాన్సిన్ మూడింటిలో కలిపి బైడెన్ ఆధిక్యం 43 వేలకు కాస్త తక్కువ. ఆ మూడింటి 37 ఎలక్టోరల్ ఓట్లు ట్రంప్ వైపు మారి ఉంటే 269–269, సరిసమానం. అప్పుడు సంగతి ప్రతినిధుల సభకు వెళ్తుంది, అక్కడ రాష్ట్రానికి ఒకటే ఓటు, 26 వస్తేనే గెలుపు. కోటి మంది ఉన్న రాష్ట్రమైనా ఆరు లక్షల మంది ఉన్న రాష్ట్రమైనా ఒకటే.

పెన్సిల్వేనియావాడు కాబట్టి అడుగుతున్నాను. ఆయన తిట్టేది అభ్యర్థులనా, ఈ ఏర్పాటునా? అభ్యర్థులనైతే రాయి సామెత ఉంచండి.

అనువాదాల డెస్కు:
రెండిటినీ అండీ. ఒక పేరాలో మూడో పార్టీకి వేద్దామనుకుని ఆగిపోతాడు. ‘నా ఓటు వృథా’ అని రాశాం.

పదాల పెట్టె:
వృథా నీరసంగా ఉంది. ‘మురిగిపోతుంది’ అనండి. సెలవులు వాడుకోకపోతే మురిగిపోతాయి, టికెట్టు మురిగిపోతుంది. వస్తువు మంచిదే, చెల్లుతుంది కూడా, దాని ఫలం మాత్రం దక్కలేదు. ‘చెల్లని ఓటు’ వేరు, దానితో కలపకండి. ఒకే పదవికి ఇద్దరి దగ్గర గడి నింపితే ఆ పదవికి ఓటు చెల్లదు, మిగతా బ్యాలెట్ చెల్లుతుంది. అధ్యక్షుడి గడి ఖాళీగా వదిలేసి సెనేట్ నుంచి కింది పదవులకు వేసినా బ్యాలెట్‌కు ఢోకా లేదు. చాలామంది అనువాదకులు ఈ మూడింటినీ ‘ఓటు పోయింది’ అని ఒకే గాట కట్టేస్తారు.

మురిగిన ఓటుకు మూడో పార్టీ దాకా వెళ్లక్కర్లేదు. 2020లో కాలిఫోర్నియాలో ట్రంప్‌కు 60 లక్షల పైన ఓట్లు పడ్డాయి, ఎలక్టోరల్ ఓటు ఒక్కటి రాలేదు. అదే ఏడాది టెక్సస్‌లో బైడెన్‌కు 52 లక్షల పైన, అక్కడా సున్నా. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా 48 రాష్ట్రాలూ, వాషింగ్టన్ డీసీ గెలిచినవాడికే గుండుగుత్తగా ఇచ్చేస్తాయి. ఇక మూడో మనిషి అంటే 1992 రాస్ పెరో: దేశమంతా కలిపి నూటికి 19 దాకా ఓట్లు, ఎలక్టోరల్ ఓట్లు సున్నా.

సామెతల సంచి:
ఆ పేరాకైతే ‘రెంటికీ చెడ్డ రేవడి’ ఉండనే ఉంది. రెండు రేవుల్లో బట్టలు ఆరేసి, వరద వస్తే ఇటు కొన్నీ అటు కొన్నీ తీద్దామని పరుగెత్తి, రెండు చోట్లా పోగొట్టుకున్నవాడు. ‘గోడ మీద పిల్లి’ని మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఆ పిల్లి ఎటు లాభమో చూసి దూకుతుంది, ఈయనకు ఏ వైపు దూకినా లాభం లేదు.

‘గుండుగుత్తగా’ బాగా దొరికింది. స్ట్రెయిట్ టికెట్‌కు కూడా అదే వాడొచ్చు కదా?

డాలస్ తెలుగు:
వాడొచ్చు, దానికి ఇంకా బాగా అతుకుతుంది. బ్యాలెట్ పైన పార్టీ గడి ఒక్కటి నింపితే అధ్యక్షుడి నుంచి కౌంటీ పదవుల దాకా పార్టీ పేరుతో పోటీ చేసినవాళ్లందరికీ ఓటు పడిపోతుంది. అదే గుండుగుత్త ఓటు. పార్టీ పేరు లేకుండా పోటీ చేసే పదవులు మాత్రం అందులోకి రావు. న్యాయమూర్తులు, స్కూల్ బోర్డు లాంటివి చాలాచోట్ల విడిగా నింపాలి. బ్యాలెట్ తిరగేసి చూడక వదిలేసేది వీటినే. మిషిగన్‌లో పార్టీ గడి నింపాక ఒక పదవికి అవతలి పార్టీ మనిషిని ఎంచుకుంటే, ఆ ఒక్క పదవికీ విడిగా పెట్టిన గుర్తే లెక్క. పెన్సిల్వేనియా ఈ గడిని 2019 చట్టంతో తీసేసింది, కాబట్టి మీ వ్యాసంలో ఆయన పక్కింటాయన ‘ఒక్క గడితో పని కానిచ్చాడు’ అని ఉంటే, అది ఏ ఏడాది మాటో చూసుకోండి.

ఒక పార్టీకి పైన, ఇంకో పార్టీకి కింద వేయడానికి ‘ఓటు చీల్చడం’ అనకండి. మనకు ఓట్లు చీల్చేది అభ్యర్థి, నేడర్ మీద పడిన నింద అది. ఎమ్మెల్యేకు ఒకరికి, ఎంపీకి ఒకరికి వేస్తే మనం క్రాస్ ఓటింగ్ అంటున్నాం, అదే చాలు.

అనువాదాల డెస్కు:
మంచిది. ఆఖరి చిక్కు. వ్యాసం పొడుగునా వచ్చే ‘పార్టిజన్ పాలిటిక్స్’ అనే ఇంగ్లిష్ మాటకు ‘పక్షపాత రాజకీయాలు’ అని రాసుకుంటూ పోయాం. చదువుతుంటే పంటికింద రాయిలా ఉంది.

పదాల పెట్టె:
ఉండదా మరి! పక్షపాతం అంటే ఒక వైపుకు ఒరిగిపోవడం. తీర్పు చెప్పాల్సినవాడు, మార్కులు వేసేవాడు, ఇద్దరు పిల్లల తల్లి, వీళ్లు ఒరిగితే తప్పు. పార్టీ మనిషి ఒరగడం అతని వృత్తి, అందులో పక్షపాతం ఏముంది?

మనకు ఇక్కడ ఇబ్బంది ఎందుకంటే, పక్షం అనే మాట తెలుగులో ఒంటరిగా పార్టీ కాదు. కన్నడంలో పక్ష అంటే పార్టీయే. తమిళంలో కట్చి, మలయాళంలో కక్షి. మన కక్షి కోర్టుకు పోయి కక్షిదారు అయింది, కక్ష పగ అయి కూర్చుంది. పక్షమేమో అధికారపక్షం, ప్రతిపక్షం, వామపక్షం, అఖిలపక్షం అంటూ జంటగానే తిరుగుతుంది. హిందీ దళ్‌ను తెచ్చుకుందామంటే మన దళం అడవిలో ఉంది. చివరికి మిగిలింది పార్టీ. అందుకని ఒకే మాటతో అన్ని చోట్లా సరిపెట్టాలని చూడకండి. మనుషుల గురించైతే ‘పార్టీ పిచ్చి’. సభలో బిల్లు మీద ఓటింగైతే ‘పార్టీల వారీగా చీలిపోయారు’. ఆయన తిట్టే చోట ‘మనోడైతే ఒప్పు, అవతలోడైతే తప్పు’ అని విడదీసి రాయండి.

రంగుల సంగతి అడగలేదు కానీ చెబుతున్నా. అక్కడ 2000 ఎన్నికల నుంచి ఎరుపు రిపబ్లికన్లకు, నీలం డెమోక్రాట్లకు స్థిరపడింది. ‘ఎర్ర రాష్ట్రం’ అని మక్కికి మక్కి దించితే మన పాఠకుడు టెక్సస్‌లో సుత్తీ కొడవలీ వెతుక్కుంటాడు.

అనువాదాల డెస్కు:
మార్చిన వాక్యం ఇది: ‘నేను పార్టీ రాయించుకోని ఓటరును. ఏప్రిల్‌లో నన్ను వాకిట్లో నిలబెట్టారు. నవంబరులో పిలిచి రెండు రాళ్లు చూపించారు. ఏ రాయైతేనేం అనుకోడానికి లేదు, ఈ రాష్ట్రంలో నా ఓటు మురిగిపోదు. మనసు చంపుకుని ఒకటి ఎంచుకున్నాను.’

సామెతల సంచి:
‘రెండు రాళ్లు చూపించారు’లో చిన్న సవరణ. ‘చేతికిచ్చారు’ అనండి. పళ్లు ఊడగొట్టుకోవాల్సింది ఆయనే కదా.